ఆషాఢం పోనీ, వీసా సంగతి చూద్దాం

భయం, వాయిదా అనే ఈ రెండూ లేకపోతే మన సంసారాలు ఏనాడో కుప్పకూలి ఉండేవని నా గట్టి నమ్మకం.

మీరే ఆలోచించండి. ఆఫీసుకు పోయి అడిగితేనే గదా కాదంటారు? అడగకుండా ఇంట్లో కూర్చున్న మనిషిని కాదన్న ఆఫీసరు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉన్నాడా? పళ్ల డాక్టరు దగ్గరికి పోనంతవరకు పన్ను మనదే. పోయినామా, పీకి పళ్లెంలో పెడతాడు!

మా వీధిలో ఒక ఇంట్లో గ్యాస్ కనెక్షన్ ఇప్పటికీ చనిపోయిన తాతగారి పేరు మీదే ఉంది. మార్పించడానికి పోతే ఏమంటారో ఏమోనని ఎవరూ పోలేదు. దాంతో ఏం నష్టం జరిగింది? సిలిండరు బుక్ చేసిన ప్రతిసారీ తాతగారికి ధన్యవాదాలు చెబుతూ మెసేజీ వస్తుంది. తద్దినం నాడు కూడా పేరు తలుచుకోని ఈ కాలంలో, వంట గ్యాస్ అయిపోయినప్పుడల్లా తలుచుకునే తాత ఎందరికి ఉంటాడు?

పని వెంటనే చేసుకొచ్చే వాళ్లని చూస్తే నాకు జాలి. ఆ సాయంత్రం వాళ్లకి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. మనకట్లా కాదు. ఒక్క పని వాయిదా వేస్తే చాలు, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ కాలక్షేపం. నమ్మకం కుదరకపోతే మా ఆత్మకూరు మాలకొండయ్య గారి ఇంటి సంగతి వినండి. భయాన్ని, వాయిదాని ఇంత శాస్త్రోక్తంగా పాటించిన కుటుంబం ఈ చుట్టుపక్కల లేదు.

మాలకొండయ్య పెద్ద రైతు. నిమ్మతోట ఉంది, మెట్ట పొలాలు ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల్లో గట్టు తగాదా వస్తే ఆయన పోయి మాట చెప్పాల్సిందే. 'మనోడే' అనేది ఆయన ఊతపదం. ఆర్డీవో మనోడే, డిపో మేనేజరు మనోడే, నెల్లూరులో పెద్ద పెద్ద ఆఫీసర్లంతా మనోళ్లే. ఆయన తమవాడని వాళ్లెవరికీ తెలియదు, అది వేరే సంగతి.

భార్య చెంచమ్మది ఉదయగిరి. ఆమె మీద కోపం వచ్చినప్పుడు మాలకొండయ్య వాడే మాట ఒక్కటే. "ఇది నా ఇల్లు. ఇష్టముంటే ఉండు, లేదంటే ఉదయగిరి బస్సెక్కు." కూరలో ఉప్పు ఎక్కువైనా ఇదే మాట, టీవీ రిమోటు కనపడకపోయినా ఇదే మాట. రిమోటు ఆయన కిందే దొరికినప్పుడు మాత్రం ఏమీ మాట్లాడడు.

వీళ్లకి ఒక్కతే కూతురు, దివ్యశ్రీ. నర్సింగ్ చదివి మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేసింది. అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే నువన్‌ని ఇష్టపడింది. నువన్‌ది శ్రీలంక. పోయిన శ్రావణంలో కొలంబోలో రిజిస్టరు పెళ్లి చేసుకుని, నువన్‌కి ఏడాది వీసా తీసుకుని ఇద్దరూ ఆత్మకూరు వచ్చి దిగారు. వచ్చిన కొత్తలోనే దివ్యశ్రీ ఫోన్లోనే ఫారం నింపి, పుట్టింటి చిరునామా ఇచ్చి, మొగుడి పేరు పోలీసుల దగ్గర నమోదు చేయించింది. అంటే ఆయన పేరు, ఫోటో, వీధి, ఇంటి నంబరు మొదటినుంచీ ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయన్నమాట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆ ఇంట్లో వాళ్లు గుర్తుపెట్టుకోలేదు.

నువన్‌ని చూస్తే వేరే దేశం మనిషని ఎవరూ అనరు. ఆ నలుపు, ఆ నవ్వు, ఆ లుంగీ కట్టు! కలిగిరి బస్టాండులో నిలబెడితే పదిమంది బస్సు టైము అడుగుతారు. నోరు తెరిస్తేనే చిక్కు. సింహళం తప్పితే ఇంగ్లీషు.

ఈ శ్రావణానికి వీసా గడువు అయిపోతుంది. దివ్యశ్రీకి ఇప్పుడు ఆరో నెల. కాన్పు గదిలో చేయి పట్టుకోవడానికి నువన్ పక్కన ఉండాలి, ఆమె కోరిక అంతకు మించి ఏమీ లేదు. గడువు లోపల పొడిగింపుకి పెట్టుకుంటే ఉంటాడు. దాటిందంటే ఉండొచ్చో లేదో, పోతే మళ్లీ ఎన్నాళ్లకి రానిస్తారో.

ఎండాకాలం మొదట్లోనే ఆమె సంగతి కదిపింది.

"నాయనా, నువన్ వీసాకి పెట్టాల. పిలిస్తే నెల్లూరు ఎస్పీ ఆఫీసుకి పోవాల."

మాలకొండయ్య తింటున్న ముద్ద ఆపాడు. "ఎస్పీ ఆఫీసుకా? మన ఇంటి అల్లుడా? మన వంశంలో పోలీసోళ్ల గడప ఎక్కినోడు ఉండాడా?"

"కేసు కాదు నాయనా. పొడిగించమని అడిగేదానికి."

"అడుక్కునేదానికి పోతాడా మన అల్లుడు? నేను ఒక మాట చెప్తాలే. ఎస్పీ మనోడే."

మాట చెప్పడం నిమ్మకోతల తర్వాతకి పోయింది. కోతలయ్యాక ఎవరిదో పెళ్లి. పెళ్లయ్యాక మూఢం వచ్చింది. మూఢంలో శుభకార్యాలు చేయరు గదా, వీసా శుభకార్యమా కాదా అని పంతులు గారిని అడిగితే, ఆయన పంచాంగం రెండుసార్లు తిరగేసి, ఈ కర్మ గురించి ఇందులో లేదన్నాడు. లేదంటే అనుమానమే. అనుమానముంటే ఆగడమే!

ఇక్కడ దివ్యశ్రీ గురించి ఒక మాట చెప్పాలి. నాయన 'చూద్దాంలే' అన్నప్పుడల్లా ఆమె పైకి గింజుకునేది. లోపల మాత్రం ఆ మాట వినగానే ఊపిరి తేలిగ్గా ఆడేది. మస్కట్‌లో తోటి నర్సు ఒకామె ఇట్లాగే పొడిగింపు అడగబోతే కుదరదు పొమ్మన్నారని విన్నది. అప్పటినుంచి ఫోన్లో ఆ వెబ్‌సైటు తెరుస్తుంది, పాస్‌పోర్టు నంబరు కొడుతుంది, వేలు ఆగిపోతుంది. మూసేస్తుంది. అడగనంతవరకు నువన్ ఇక్కడే ఉన్నాడు గదా! ఎంత చక్కని ఆలోచన! నర్సు అయి ఉండి, నొప్పి చెప్పకుండా దాచుకునే పేషెంట్లని తిట్టే పిల్ల, ఎంత సుఖంగా దాచుకుంది చూడండి.

అట్లా అట్లా ఆషాఢం వచ్చింది.

"ఈ నెల్లో పెట్టకపోతే కష్టం నాయనా," అంది దివ్యశ్రీ.

"ఈ నెల్లో అంతకన్నా పెద్ద కష్టం ఉండాది. కొత్తల్లుడు ఆషాఢంలో అత్త గడప తొక్కగూడదు."

"తొక్కేదేంది నాయనా, ఏడాదిగా గడప లోపలే ఉండాడు గదా."

"అందుకే బయటికి పంపాల."

చెంచమ్మ వంటింట్లోంచి అడిగింది. "యాడికి పంపుతావు? కొలంబోకా?"

"మీ ఉదయగిరికి పంపుతా. అది అత్తగారి పుట్టిల్లు గానీ అత్తగారిల్లు కాదు. పంచాంగం ఒప్పుకుంటుంది."

పంచాంగాన్ని ఈసారి ఆయన అడగలేదు. ఒప్పుకుంటుందని తనే తీర్పు చెప్పేశాడు. ఇట్లా వీసా గడువు ముంచుకొస్తున్న నెలలో, పోలీసులకిచ్చిన చిరునామా నుంచి మనిషిని లేపి, దుర్గం కింద చెంచమ్మ తల్లి వెంకమ్మ అవ్వ ఇంట్లో పెట్టారు. ప్రపంచంలో ఇన్ని దేశాలున్నాయి, ఇన్ని రకాల వీసాలున్నాయి. ఆషాఢం వల్ల చిరునామా మారిన విదేశీయుడు ఇంకొకడు ఉంటాడా?

వెంకమ్మ అవ్వ మనవరాలి మొగుణ్ణి 'నవీనయ్యా' అని పిలుస్తుంది. నువన్ అనేది ఆమె నోటికి తిరగలేదు. పెళ్లాం కడుపుతో ఉంటే మొగుడు జుట్టు, గడ్డం తీయకూడదని నువన్ రాగానే శాసించింది. ఆయన అప్పటికే కొన్నాళ్లుగా తీయలేదు గనక ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలో ఉన్న నున్నటి మనిషికీ, అవ్వ అరుగు మీద కూర్చున్న గడ్డపు మనిషికీ చుట్టరికం కూడా కనపడదు.

మాలకొండయ్య అత్తకి ఒకటే హెచ్చరిక చేశాడు. వీసా గడువు దగ్గరపడిన మనిషని ఊళ్లో తెలియకూడదు. నోరు తెరిస్తే తెలిసిపోతుంది. అవ్వకి ఇది ఒక సమస్యే కాదు. ఎదురింటి దిల్షాద్ బేగం వచ్చి 'ఎవరవ్వా ఈ అబ్బాయి' అని అడగ్గానే, తడుముకోకుండా చెప్పింది.

"మా దివ్య మొగుడు. పెళ్లాం సుఖంగా కనాలని మౌనవ్రతం పట్టినాడు."

అంతే. ఆ ఒక్క మాటతో ఉదయగిరిలో నువన్ దశ తిరిగింది.

మీరు మరోలా అనుకోకండి. ఎవరూ కాళ్లకి మొక్కలేదు, హారతి ఇవ్వలేదు. వచ్చి కూర్చుని మాట్లాడారు, అంతే. ఉదయగిరి దుర్గం కొసన ఎక్కి నాలుగు దిక్కులా చూసినా, ఆడమనిషి చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినే మగమనిషి కనపడడు. అట్లాంటివాడు అవ్వ అరుగు మీద ఊరికే దొరికాడు. పైగా కళ్లలోకి చూస్తూ వింటాడు. భాష తెలియని మనిషి మొహం చూసి అర్థం చేసుకోవాలి గదా, అందుకని ఇంకా శ్రద్ధగా చూస్తాడు.

దిల్షాద్ బేగం కొయ్య చెంచాలు చెక్కుతుంది. ఉలి, పుల్లలు తెచ్చుకుని అవ్వ అరుగు మీదే పని పెట్టింది. "మా ఖలీలుల్లాకి ఏదన్నా చెప్పబోతే 'సరే సరే' అంటాడు తమ్ముడూ. ఏంది సరే? నేనింకా మొదలే పెట్టలేదు గదా." నువన్ తల ఊపాడు. ఆమె ఆ రోజు రెండు చెంచాలు ఎక్కువ చెక్కింది.

తర్వాత ఓబమ్మ వచ్చింది, అత్త గురించి చెప్పడానికి. కాసేపటికి ఆ అత్తే వచ్చింది, ఓబమ్మ గురించి చెప్పడానికి. పాల కేంద్రం దగ్గర ఉండే గుంపు ఇటు మళ్లింది. మధ్యాహ్నం సీరియల్ టైముకి కూడా అరుగు ఖాళీ కాలేదంటే ఇంక చూసుకోండి. వచ్చిన వాళ్లలో ఒకామె పుట్టింటికి పంపరని ఏడ్చింది. ఇంకొకామె పుట్టింటికి పొమ్మంటున్నారని ఏడ్చింది. నువన్ ఇద్దరికీ ఒకే రకంగా తల ఊపాడు.

చూశారా భయం మహిమ! ఒక మనిషిని ఎవరి కంటా పడకుండా దాచాలని ఉదయగిరి తెచ్చారు. నెల తిరక్కముందే ఆ మండలంలో ఆయన్ని ఎరగని ఆడమనిషి లేదు.

దివ్యశ్రీ ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేది. ఒక వారం ఇంట్లోకి అడుగుపెట్టేసరికి నువన్ గుమ్మానికి చేరగిలబడి, నుదుటి మీద చేయి పెట్టుకుని, తెలుగులో అన్నాడు.

"వచ్చినావా. ఇప్పుడు గుర్తొచ్చినానా నేను. పొద్దున్నించీ ఈ కొంపలో నా మొహం చూసినోళ్లు లేరు."

దివ్యశ్రీ చేతిలో సంచి జారింది. "నీకెవరు నేర్పినారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అందరూ," అన్నాడు నువన్, తెలుగులోనే.

విని విని వచ్చేసింది. కాకపోతే ఆయన విన్నదంతా ఒక్క రకం తెలుగే. ఉప్పు, పప్పు, ఎడమ, కుడి లాంటివి రావు. నిట్టూర్పులు, ఎత్తిపొడుపులు మాత్రం ఉదయగిరి ఆడపడుచులకి దీటుగా వస్తాయి. దివ్యశ్రీ నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుని కూర్చుంది. ఆ రోజంతా వీసా గుర్తుకు రాలేదు. ఇంకో వారం హాయిగా గడిచింది!

ఈలోపల ఆత్మకూరులో సిద్ధయ్య అనే హెడ్‌కానిస్టేబులు మాలకొండయ్య ఇంటికి వచ్చిపోయాడు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. గడువు దగ్గరపడిన విదేశీయులు ఉన్నచోట ఉన్నారో లేదో చూసి రమ్మంటే వచ్చాడు.

"నువన్ అనే ఆయన ఉండాడా సార్?"

"ఆ పేరుగల మనిషి ఈ గడపలో లేడు," అన్నాడు మాలకొండయ్య. అబద్ధం కాదు. ఆషాఢం.

"యాడికి పోయినాడు?"

"నాకేం తెలుసు? నేనేమన్నా మనుషుల్ని కాపలా కాస్తా ఉండానా?"

సిద్ధయ్య పోయి మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే జవాబు. ఆ సాయంత్రం అన్నం దగ్గర మాలకొండయ్య మీసం దువ్వాడు. "ఎట్ట పంపించినాను చూసినావా. ఇంక ఈ పక్కకి రాడు." దివ్యశ్రీ ముద్ద కంచంలోనే వదిలేసింది. అయినా అడగలేదు. ఎందుకు వచ్చాడో తెలుసుకుంటే, తెలిసిపోతుంది గదా.

తర్వాతి ఆదివారం ఆమె ఉదయగిరిలో ఉంది. అరుగు మీద ఆడవాళ్లు పల్చబడ్డ వేళ, మామూలు చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి నువన్ ఎదురుగా కూలబడ్డాడు. తలుపు సందులోంచి చూసిన దివ్యశ్రీ గుర్తుపట్టింది. సిద్ధయ్య.

అవ్వ మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. "యా ఊరు నాయనా?"

"ఆత్మకూరు స్టేషన్లో చేస్తానవ్వా. మా ఆవిడది ఈ ఊరే. ఇక్కడ ఒకాయన ఉండాడు, ఏం చెప్పినా వింటాడు, చెప్పుకుంటే మనసు తేలికపడతాదని మా ఆవిడ అంటే సెలవు పెట్టి వచ్చినా." నువన్ వైపు తిరిగాడు. "సామీ, నాకొక తలనొప్పి వచ్చి పడింది. ఆత్మకూరులో ఒక పెద్దాయన. వాళ్ల అల్లుడు శ్రీలంక మనిషి. వీసా గడువు వస్తా ఉండాది, పెట్టుకోండయ్యా అని చెప్దామని పోతే, లేనే లేడంటాడు మామ. రెండుసార్లు పోయినా. ఇప్పుడు నేనేం రాసేది? చిరునామాలో మనిషి లేడని రాస్తే పారిపోయినాడనుకుంటారు. ఇంక పొడిగింపు ఎవరిస్తారు? ఆ పిల్ల చూస్తే కడుపుతో ఉండాది. రేపు రాసియ్యాల సామీ. రాయబుద్ధి కావడం లేదు. నాకూ ఒక కూతురు ఉండాది."

తలుపు వెనక దివ్యశ్రీ అంతా విన్నది. ఇన్నాళ్లూ ఆమెని భయపెట్టిన మనిషి, పెట్టుకోండయ్యా అని చెప్పడానికి వచ్చాడు. వాళ్ల నాయన గెలిచానని మీసం దువ్విన ఆ జవాబుతో నువన్ పారిపోయిన మనిషై కూర్చున్నాడు, అవ్వ అరుగు మీద.

నువన్ చాలాసేపు సిద్ధయ్య కళ్లలోకి చూశాడు. తర్వాత వ్రతం విడిచాడు.

"ఆ దిక్కుమాలినోణ్ణి నేనే సార్."

సిద్ధయ్య మజ్జిగ చొక్కా మీద పోసుకున్నాడు. ఫోన్ తీసి ఫోటో చూశాడు, గడ్డం చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "నువ్వా? మీ మామ లేడన్నాడే?"

"ఆయనకి నేను ఎప్పుడున్నాను సార్. ఉన్నా ఒకటే, పోయినా ఒకటే."

దివ్యశ్రీ తలుపు తోసుకుని బయటికి వచ్చింది. "అన్నా, రేపు రాయొద్దు. ఇప్పుడే పెడతా ఉండా." అరుగు మీదే కూర్చుని ఫోన్లో ఆ వెబ్‌సైటు తెరిచింది. వేలు అలవాటుగా ఆగబోయింది. నువన్ పక్కన కూర్చుని ఏమీ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే ఎవరికైనా ధైర్యం వస్తుంది గదా. నొక్కేసింది.

ఆకాశం విరిగి పడలేదు. దరఖాస్తు అందిందని ఒక మెసేజీ వచ్చింది. మా వీధి తాతగారికి వచ్చేట్టు. సిద్ధయ్య ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడి, మరునాడే నెల్లూరు వచ్చి కనపడమన్నారని చెప్పాడు.

మరునాడు ఉదయగిరి బస్సు ఆత్మకూరులో ఆగింది. పెళ్లి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు మాలకొండయ్య బీరువాలో ఉన్నాయి. ఆషాఢం ఇంకా పోలేదు గనక నువన్ వీధిలోనే నిలబడ్డాడు. దివ్యశ్రీ లోపలికి పోయి చెప్పింది.

"నేను ఒక మాట చెప్తానన్నా గదా," అన్నాడు మాలకొండయ్య. "తొందరేంది?"

చెంచమ్మ బీరువా తాళం తీస్తూ అంది. "నువ్వు చెప్పిన మాటలు చాల్లే. నువ్వు చెప్పిన ఒక్క మాటకే అల్లుడు పారిపోయినోడై కూర్చున్నాడు. వస్తావా, రావా?"

ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నెల్లూరులో ఎస్పీ ఆఫీసు గేటు దాకా కూడా వచ్చాడు. గేటు దగ్గర మాత్రం, "మీరు పోయి రండి, నేను చెప్పులు కాస్తా," అన్నాడు. అక్కడ చెప్పులు విడవమని ఎవరూ అనలేదు. అయినా ఆయన మాట కాదనలేక చెంచమ్మ తన చెప్పులు విడిచి పోయింది. ఎస్పీ ఆఫీసు ముందు, గట్టు తగాదాలు తీర్చే పెద్దమనిషి, ఒక జత లేడీస్ చెప్పులకి కాపలాగా నిలబడ్డాడు.

విదేశీయుల సంగతి చూసే ఆఫీసరు ఒక మేడమ్. కాయితాలు చూసి నువన్‌ని ఇంగ్లీషులో అడిగింది. ఇన్నాళ్లు ఎందుకు ఆగారని.

నువన్‌కి ఇంగ్లీషు బాగా వచ్చు. కానీ ఇక్కడ కాపురం ఉండాలనుకునే మనిషి ఇక్కడి భాషలో చెప్పడం మర్యాద అనుకున్నాడు. కండువా సర్దుకుని మొదలుపెట్టాడు.

"ఏం చెప్పేది మేడమ్ నా బాధ. ఈ ఇంటికి వచ్చినప్పటినించీ నా మాట ఇన్నోళ్లు లేరు. నాకూ ఒక మనసు ఉంటాదని ఎవరికన్నా ఉండాదా? ఉండమంటే కాయితం ల్యా, పోదామంటే పెళ్లాం కడుపుతో ఉండాది. పుట్టిల్లు చూస్తే సముద్రం అవతల. ఎవరి ఇంట్లో ఉండానో, ఎన్నాళ్లు ఉంటానో, అంతా వాళ్ల దయ. నా రాత ఇట్ట ఏడిసింది."

ఆఫీసులో టైపు కొట్టే చప్పుడు ఆగింది. పక్క టేబులు దగ్గర ఫైళ్లు సర్దుతున్న ఒకామె కళ్లు తుడుచుకుంది. మేడమ్ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది.

"తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఉదయగిరి ఆడోళ్ల దగ్గిర మేడమ్."

"తెలుస్తా ఉంది," అంది ఆమె. మళ్లీ కాయితం చూసింది. "ఇచ్చిన చిరునామా ఆత్మకూరు. ఉన్నది ఉదయగిరిలో. ఎందుకు?"

దివ్యశ్రీ చెప్పింది. "ఆషాఢం మేడమ్."

మేడమ్ కలం పట్టుకుంది. ఆమెకి వెంటనే అర్థమైంది, ఆమె కూడా ఒకరి ఇంటి కోడలే గదా. పైనున్న వాళ్లకి ఇంగ్లీషులో ఎట్లా అర్థమవ్వాలి అన్నదే చిక్కు. చివరికి, కొత్త అల్లుడు, స్థానిక ఆచారం, నెలరోజుల్లో తిరిగి వచ్చును అని రాసింది. సిద్ధయ్య ఇచ్చిన కాయితం కూడా ముందే వచ్చి ఉంది. మనిషిని ఉదయగిరిలో చూశానని, పారిపోలేదని, పైగా తన బాధ విన్నాడని రాశాడట.

"గడువు లోపలే పెట్టారు. ఇబ్బంది లేదు," అంది మేడమ్. "జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉండొచ్చు. దీనికి ఇంత భయమెందుకమ్మా? ముందే వచ్చుంటే ముందే చెప్పేదాన్ని గదా."

దివ్యశ్రీ తల దించుకుంది. ఇన్ని నెలలు మోసిన బరువు ఇంత చిన్నదా అని ఆమెకి కొంచెం సిగ్గు, కొంచెం ఏడుపు వచ్చాయి. లోపల బిడ్డ ఒకసారి కదిలింది.

"ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది మేడమ్.

అందరూ లేచారు. చెంచమ్మ లేవలేదు. ఉత్త కాళ్లతో కుర్చీ అంచున కూర్చుని ఉంది.

"ఒకటి ఉండాది మేడమ్. మా అల్లుడికి ఈ ఇంట్లో ఉండొచ్చని గవర్మెంటు కాయితం ఇస్తాది గదా. అట్లాంటిది నాకొకటి ఇప్పిస్తారా?"

"మీకెందుకమ్మా? మీది ఏ ఊరు?"

"అదే నాకూ తెలియడంల్యా. పెళ్లయి వచ్చిన కాడినించీ మా ఆయన ఇది నా ఇల్లు, ఇష్టముంటే ఉండు, లేదంటే ఉదయగిరి బస్సెక్కమంటాడు. ఉదయగిరి పోతే మీ ఇంటికి ఎప్పుడు పోతావని మా అమ్మ అడుగుతాది. ఒక కాయితం ఉంటే, ఈసారి అన్నప్పుడు చూపిస్తా."

మేడమ్ నవ్వబోయింది. చెంచమ్మ మొహం చూసి మానుకుంది. "దానికి ఇక్కడ కౌంటరు లేదమ్మా."

"యాడుండాది?"

"నాకూ తెలియదు," అంది మేడమ్ కలం మూత పెడుతూ. "తెలిస్తే నాకూ చెప్పండి. నేనూ పెట్టుకోవాలి."

బయటికి వచ్చేసరికి మాలకొండయ్య చెప్పుల పక్కనే నిలబడి ఉన్నాడు. పని అయిందని చెబితే, "నేను చెప్పలా, మనోళ్లేనని," అన్నాడు.

శ్రావణం వచ్చింది. నువన్ దర్జాగా అత్తగారి గడప తొక్కాడు. శ్రీమంతం నాటికి ఫోన్లో జవాబు వచ్చింది, ఉండొచ్చని. ఆ శుభవేళ గాజులు తొడిగించుకోవడానికి ఉదయగిరి ఆడవాళ్లంతా బస్సు మాట్లాడుకుని వచ్చారు. గాజులు తొడిగించుకుని దివ్యశ్రీని దీవించి, వరసగా పోయి నువన్ దగ్గర కూర్చున్నారు. దిల్షాద్ బేగం బిడ్డ కోసం చిన్న కొయ్య చెంచా చెక్కి తెచ్చింది. వ్రతం విడిచినందుకు మాత్రం నువన్ మీద కొంచెం కోపంగా ఉంది. ఇప్పుడు మధ్యలో మాట్లాడుతున్నాడట.

మొన్న ఆ ఇంట్లో పులుసులో ఉప్పు ఎక్కువైంది. మాలకొండయ్య కంచం జరిపి, అలవాటుగా అందుకున్నాడు. "ఇది నా ఇల్లు. ఇష్టముంటే ఉండు, లేదంటే..."

"మామా," అన్నాడు నువన్, ముద్ద కలుపుకుంటూ. "అత్తకి గడువు ఎప్పటిదాకా ఉండాది? తేదీ చెప్పు. నాకు జరిగినట్టు కాకుండా ముందే పెడదాం."

మాలకొండయ్య కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. ఉప్పు సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

కాబట్టి నేను మొదట చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. భయం గొప్పది, వాయిదా ఇంకా గొప్పది. నువన్ లాంటివాళ్లు తొందరపడి ఏడాది తిరగకముందే అత్తవారింట్లో తమ స్థానం ఏమిటో గవర్మెంటుని అడిగి తేల్చుకున్నారు. మా ఆడవాళ్లని చూడండి. మా అవ్వలు అడగలేదు, మా అమ్మలు అడగలేదు, మేమూ అడగలేదు. తరతరాలుగా వాయిదా వేస్తూనే ఉన్నాం.

అందుకే ఇప్పటిదాకా మమ్మల్ని ఎవరూ కాదనలేదు.